పండక్కి అరిసెలు తినండి, రోజూ నూనె కొలవండి

సంక్రాంతికి నాలుగు అరిసెలు తిన్నంత మాత్రాన ఎవరూ లావైపోరు. కనుమనాడు గారెలు, కోడికూర కడుపునిండా తిన్నా కొంపలు మునిగిపోవు. ఒళ్ళు పెరిగేదీ, షుగరు ముదిరేదీ మిగతా 360 రోజుల తిండితోనే. తాలింపులో చేతివాటంగా పోసే నూనె, రెండేసి చెంచాల పంచదారతో తాగే టీలు, టీవీ ముందు కూర్చుని డబ్బాలోంచి గుప్పెళ్ళకొద్దీ నమిలే మిక్చరు... వీటిని ఎవరూ తిండి కింద జమకట్టరు. అనుమానమంతా పాపం పండగ అరిసె మీదే. పండగనాడు తింటూ బాధపడతారు, మర్నాటి నుంచి మామూలు కూరలో మామూలుగానే నూనె తేలుతూ ఉంటుంది. ఇది తిరగబడాలి. మామూలు రోజుల్ని కొలతలో పెట్టుకుంటే పండగపూట తృప్తిగా తినొచ్చు. ఆ తినేదాన్ని కూడా సరిగ్గా వండుకోవాలి. ఎందుకంటే ఒకే పిండి, ఒకే మూకుడు అయినా, చేసే పద్ధతిని బట్టి గారె పీల్చే నూనె రెట్టింపు కావచ్చు, సగమూ కావచ్చు.

ముందు నూనె లెక్క చూద్దాం. హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయులకు కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకు 2000 కేలరీలు చాలే మనిషికి అందులో చూపించిన పళ్ళెంలో నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు. నలుగురున్న ఇంటికి నెలకు కడితే 3,240 గ్రాములు. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది కాబట్టి, 3 లీటర్ల నూనె, అరకిలో నెయ్యి. నలుగురికీ నెలంతటికీ అంతే. చిన్నపిల్లలుంటే ఇంకా తగ్గాలి. ఇప్పుడు మీ సరుకుల చీటీ తీసి చూడండి. 5 లీటర్ల డబ్బా నెల తిరక్కుండానే అడుగంటుతుంటే, అరిసెలు మానేసినా ప్రయోజనం లేదు.

కొలత పెట్టుకోవడానికి మనసు గట్టి చేసుకోవడం కన్నా ఒక చిన్న సీసా నయం. 3 లీటర్లను 30 రోజులకు పంచితే రోజుకు 100 మిల్లీలీటర్లు. పొద్దున్నే 80 మిల్లీలీటర్లు సీసాలో పోసి పొయ్యి పక్కన పెట్టండి, పెద్ద డబ్బాను అలమారలోకి పంపించండి. రోజుకు 20 చొప్పున మిగిలేది నెలకు 600 మిల్లీలీటర్లు. అది పిండివంటల ఖాతా. ఆదివారం పునుగులైనా, ఏకాదశి మర్నాడు బూరెలైనా దాంట్లోంచే. ఆ నెల ఏమీ వేయించకపోతే మరుసటి నెల పండక్కి కలుపుకోవచ్చు.

80 మిల్లీలీటర్లు అంటే 16 టీస్పూన్లు. నలుగురికి 8 దోసెలు వేస్తే దోసెకు అరచెంచా చొప్పున 4 చెంచాలు, మధ్యాహ్నం కూరకు 4, పప్పు తాలింపుకు 2, పచ్చడికి 2, రాత్రి కూరకు 4. సరిపోతుంది, కానీ వంట తీరు కొంచెం మారాలి. కూరలో నూనె ఎక్కువ పట్టేది సాధారణంగా ఉల్లిపాయ దగ్గర. అడుగంటుతోందని ఇంకో గరిటె పోస్తాం. దానికి బదులు ఉల్లిపాయలు వెయ్యగానే చిటికెడు ఉప్పు వేసి మూత పెడితే వాటి నీళ్ళలో అవే మగ్గుతాయి. అంటుకుంటున్నప్పుడు రెండు చెంచాల నీళ్ళు చిలకరించి గీకితే చాలు, రంగూ వస్తుంది, రుచీ వస్తుంది. వంకాయ స్పాంజిలా నూనె పీలుస్తుంది కాబట్టి ముక్కల్ని ఉప్పు, పసుపుతో 5 నిమిషాలు ఆవిరి మీద మగ్గించాక నూనెలో వెయ్యాలి. మెత్తబడిన ముక్క లోపల గాలి ఉండదు, పీల్చుకోదు. అరటికాయను ముప్పాతిక వంతు ఉడికించి వేపుడు చేస్తే 3 చెంచాల నూనెతో ఎర్రగా వస్తుంది. బెండకాయలు కడిగి, తుడిచి, పూర్తిగా ఆరాకే తరగాలి. తడి ఉంటే జిగురు సాగుతుంది, ఆ జిగురు పోవడానికే సగం నూనె ఖర్చవుతుంది. మూత పెట్టకూడదు, ఉప్పు చివర్లో వెయ్యాలి. వెడల్పాటి ఇనప మూకుడైతే ఇంకా మంచిది.

పంచదార సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. పైనుంచి కలుపుకునే చక్కెరలు మొత్తం కేలరీల్లో 10 శాతం దాటకూడదనీ, 5 శాతం లోపు ఉంటే మరీ మంచిదనీ 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. 2000 కేలరీలకు 5 శాతమంటే 25 గ్రాములు. టీస్పూను పంచదార 4 నుంచి 5 గ్రాములు. రెండు చెంచాలు వేసిన టీ మూడుసార్లు తాగితే రోజు కోటా అక్కడే సరి. టీలో వారానికి పావుచెంచా చొప్పున తగ్గించుకుంటూ పోతే నాలుక గొడవపెట్టదు. ఒక్కసారిగా మానేసినవాళ్ళే నాలుగో రోజుకు మళ్ళీ మొదలుపెడతారు. బెల్లం వేసుకుంటున్నాం కదా అనుకోవద్దు. 100 గ్రాముల పంచదారలో 400 కేలరీలుంటే బెల్లంలో 380 దాకా ఉంటాయి, రక్తంలో షుగరునూ దాదాపు అంతే పెంచుతుంది. బెల్లం రుచి కోసం, వాసన కోసం వాడాలి. అది చాలు దానికి, వైద్యం అంటగట్టక్కర్లేదు.

అన్నం గురించి ఒక్క మాట. అదే 2024 లెక్కలో రోజుకు ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు. మన ఇళ్ళలో ఈ రెండు అంకెలూ తారుమారై ఉంటాయి. టిఫిను పోగా పూటకు 90 గ్రాముల బియ్యం, అంటే వండాక పావుకిలో అన్నం మిగులుతుంది. ఒకసారి తూచి మీ కంచంలో పెట్టుకుని చూడండి, చాలామంది ఆశ్చర్యపోతారు. సరిపోవాలంటే కూర, పప్పు మొత్తం పెరగాలి, తినే వరసా మారాలి. మంచి ఆకలి మీద ఉన్నప్పుడు పచ్చడి, నెయ్యి కలిపిన ముద్దలతో మొదలుపెడితే సగం అన్నం అక్కడే అయిపోతుంది. సగం కూర, కాస్త గట్టిపప్పు ఉత్తగా తిన్నాక అన్నం కలుపుకుంటే భోంచేశాక షుగరు అంత ఎత్తుకు లేవదు, రెండోసారి వడ్డించుకోవాలనీ అనిపించదు. పచ్చడి ముద్దను పెరుగన్నం దగ్గరికి జరపండి.

ఇక అసలు సంగతి, మూకుడు.

నూనెలో పిండి పడగానే దానిలోని నీరు ఆవిరై బయటికి తన్నుకొస్తుంది. మనకు కనిపించే బుడగలు అవే. ఆవిరి బయటికి వస్తున్నంతసేపూ నూనె లోపలికి పోలేదు. నూనె కాగకపోతే ఆవిరి తోపుడు ఉండదు, పిండి మెల్లగా నానుతూ నూనె తాగుతుంది. మరోటి, చాలామందికి తెలియనిది: నూనెలో ఎక్కువ భాగం లోపలికి వెళ్ళేది వేగుతున్నప్పుడు కాదు, బయటికి తీశాక. చల్లారుతున్న కొద్దీ లోపలి ఆవిరి నీరై కుంచించుకుపోతుంది, ఆ ఖాళీలోకి పైన అంటుకున్న నూనెను లాగేసుకుంటుంది. కాబట్టి తీసిన మొదటి నిమిషమే కీలకం. చిల్లుల గరిటెను మూకుడు పైనే అరనిమిషం పట్టుకుని గట్టిగా విదిలించాలి. తర్వాత జల్లెడలో ఒకదాని మీద ఒకటి పడకుండా నిలువుగా చేర్చాలి. పళ్ళెంలో కుప్పపోస్తే పైవాటి నూనె కిందివాటికి చేరుతుంది. న్యూస్‌పేపరు మీద వెయ్యొద్దు, సిరా అంటుతుంది. అరిసెను వేడివేడిగా రెండు చెక్కల మధ్య నొక్కడం మన పెద్దవాళ్ళు ఏనాడో కనిపెట్టిన ఉపాయం. గాలాడకుండా మూతపెట్టిన వేడి గారెలు మెత్తబడేది కూడా ఈ ఆవిరి వల్లనే.

నూనె వేడి 170 నుంచి 180 డిగ్రీల మధ్య ఉండాలి. థర్మామీటరు లేకపోతే గోలీ అంత పిండి వేసి చూడండి. అడుగుకు వెళ్ళి రెండు మూడు సెకన్లలో బుడగలతో పైకి తేలితే సరైన కాక. అడుగునే కూర్చుంటే చాలలేదు. పడగానే ఎర్రబడితే ఎక్కువైంది. పొగ వస్తోందంటే నూనె చెడిపోతోంది, వెంటనే దించాలి. సరైన కాక వచ్చాక చాలామంది చేసే పొరపాటు ఒకేసారి పది వెయ్యడం. వేడి ఒక్కసారిగా పడిపోతుంది. నూనె పైభాగంలో సగానికి మించి నిండకూడదు, ప్రతి వాయికీ మధ్య అరనిమిషం ఆగాలి.

గారెలకు పావుకిలో మినప్పప్పును 3 నుంచి 4 గంటలు నానబెడితే చాలు. రాత్రంతా నానితే నీళ్ళు ఎక్కువ పట్టి పిండి జారుతుంది, జారిన పిండి నూనె లాగుతుంది. నీళ్ళు పూర్తిగా వాడ్చి, చల్లటి నీళ్ళు చిలకరిస్తూ రుబ్బాలి. మొత్తానికి నాలుగైదు చెంచాలు మించకూడదు. రుబ్బింది చేత్తో ఒకేవైపు రెండు నిమిషాలు గిలక్కొట్టి, చిన్న ముద్ద నీళ్ళలో వేస్తే తేలాలి. తేలితే గాలి పట్టినట్టు, గారె లోపల గుల్లగా వస్తుంది. ఉప్పు, ఉల్లిపాయలు సరిగ్గా గారెలు వేయబోయేటప్పుడే పిండిలో కలపాలి. చాలాసేపు ముందుగా కలిపితే ఉల్లి నీరొదిలి పిండి పలచనవుతుంది. అప్పుడు బియ్యప్పిండి రెండు చెంచాలు కలిపితే కొంత దారికొస్తుంది గానీ గారె గట్టిపడుతుంది. పావుకిలోకు 20 గారెలు వస్తాయి. సరిగ్గా వేగితే ఒక్కోటి 80, 90 కేలరీలు, అందులో 3 గ్రాముల మాంసకృత్తులు. మూడు గారెలు, అల్లం పచ్చడి, గ్లాసుడు మజ్జిగ ఏ లెక్కన చూసినా చెడ్డ టిఫిను కాదు.

అరిసెల్లో ఉన్నదంతా పాకంలోనే ఉంది. బియ్యం 24 గంటలు నానాలి, మధ్యలో రెండుసార్లు నీళ్ళు మార్చాలి, తడి ఆరకముందే మర పట్టించి జల్లించాలి. జల్లించిన పిండిని అదిమి గుడ్డ కప్పకపోతే పైపొర ఆరి పాకంలో ఉండలు కడుతుంది. కిలో బియ్యానికి ముప్పావుకిలో బెల్లం. పాకాన్ని నీళ్ళలో వేసి వేళ్ళతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కావాలి. అంతకన్నా లేతగా ఉంటే అరిసె నూనెలో విచ్చుకుపోతుంది, విచ్చిన చోటల్లా నూనె నిండుతుంది. టంగుమని మోగేదాకా ముదిరితే చల్లారాక పళ్ళు విరుగుతాయి. మొదటి అరిసె విచ్చితే మరి కొంచెం తడిపిండి కలిపి చూడండి. ఉండ పగుళ్ళిస్తుంటే వేడినీళ్ళు ఒక్కో చెంచా చిలకరించి పిసకండి.

అరిసె ఎంత నూనె తాగిందో ఊహించక్కర్లేదు, తూచొచ్చు. మూకుడులో పోసే ముందు నూనె తూకం రాసుకోండి, మధ్యలో పోసింది కూడా కలుపుకోండి. అంతా అయ్యి చల్లారాక మిగిలిన నూనెను, నొక్కినప్పుడు కారినదాంతో సహా తూచి, ఆ తూకాన్ని మొదటి లెక్కలోంచి తీసెయ్యండి. కిలో బియ్యానికి 40 గ్రాముల ఉండలు చేస్తే 50 వస్తాయి. 300 గ్రాముల నూనె తగ్గితే అరిసెకు 6 గ్రాములు. 10 దాటితే పాకంలోనో కాకలోనో తేడా ఉంది, వచ్చే ఏడాదికి సరిదిద్దుకోవచ్చు. 6 గ్రాముల నూనె, 20 గ్రాముల బియ్యం, 15 గ్రాముల బెల్లం కలిపి అరిసెకు 180 కేలరీలు. అంటే 140 గ్రాముల అన్నంతో సమానం. రెండు అరిసెలు తిన్న పూట అన్నం మానేసి కూర, పప్పు, పెరుగు తింటే లెక్క సరిపోతుంది. అరిసెలూ, పైన యథావిధిగా భోజనమూ అంటేనే ఇబ్బంది.

వేయించగా మిగిలిన నూనెను చల్లారాక పలచటి గుడ్డలో వడకట్టాలి. అడుగున మాడిన పిండే దాన్ని తొందరగా పాడుచేసేది. రెండు మూడు రోజుల్లో కూరల్లో, తాలింపుల్లో వాడెయ్యండి. కొత్తనూనెలో కలపొద్దు, మళ్ళీ మూకుడులో మరిగించొద్దు. చిక్కబడినా, నల్లబడినా, కాగుతుంటే నురగ వచ్చినా పారెయ్యాల్సిందే. కాగీకాగీ నూనెలో పుట్టే పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వంటకు పనికిరాదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2018 జూలై 1 నుంచి నిబంధన పెట్టింది. బండి మీద మిరపకాయ బజ్జీ తినాలనిపిస్తే ముందు మూకుడులోకి తొంగిచూడండి. అడుగు కనిపించే నూనె అయితే తినండి. నల్లగా ఉంటే ఆ సాయంత్రానికి వేరుశనక్కాయలు కొనుక్కోండి.

బదులు తిళ్ళ మీద నాకు నమ్మకం తక్కువ. ఎయిర్ ఫ్రయర్‌లో కోడిముక్కలు, అరటికాయ చెక్కలు చక్కగా వస్తాయి. గారె రాదు, ఎండిన రొట్టెలా అవుతుంది. అరిసె అసలే రాదు. గుంతపొంగణాలు బాగుంటాయి, అయితే అవి గుంతపొంగణాల్లాగే బాగుంటాయి, గారెల కోరిక తీర్చవు. తీరని కోరికతో ఎనిమిది తినేసి, చివరికి గారెలు కూడా తింటారు. జొన్న జంతికలు, రాగి చెక్కలు నూనెలో వేగినవే, బియ్యప్పిండివాటి మాదిరే నూనె పీలుస్తాయి. రాగి బిస్కెట్లు కొనేముందు పాకెట్టు వెనక చదవండి. ఎక్కువ పాళ్ళున్న పదార్థం పేరే మొదట వెయ్యాలన్నది నియమం. మొదట మైదా, తర్వాత పంచదార, నాలుగో చోట రాగిపిండి ఉంటే అది మైదా బిస్కెట్టే.

రోజుకు మూడు పూటల చొప్పున వారానికి 21 భోజనాలు. అందులో రెండు మీ ఇష్టానికి వదిలెయ్యండి, మిగతా 19 కొలతలో ఉంచండి. ఏ రెండో వారం మొదట్లోనే అనుకోవాలి, లేకపోతే ఆఫీసులో ఎవరిదో పుట్టినరోజు కేకు ముక్కకే ఒకటి ఖర్చయిపోతుంది. పెళ్ళిభోజనం ఉందని పొద్దున్న టిఫిను ఎగ్గొట్టడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. రెండున్నరకు ఆకు ముందు కూర్చునేసరికి ఆకలి మండిపోతుంటే చెయ్యి మన మాట వినదు. పెసరట్టో, రెండు ఇడ్లీలు సాంబారో తిని వెళ్ళండి. ఆకులో ఇంట్లో రోజూ దొరికేవి వదిలెయ్యండి. తెల్లన్నం, అప్పడం, బంగాళాదుంప వేపుడు ఎక్కడికీ పోవు. పూతరేకో, కాజానో, పనసపొట్టు కూరో, ఆ వంటవాడి చేతిలో ఏది బాగుంటుందో అది తినండి. మిఠాయిల్లో ఒకటి ఎంచుకుని పూర్తిగా తినడం, నాలుగు కొరికి వదిలెయ్యడం కన్నా మేలు.

బిర్యానీ ఇంట్లో చేసుకుంటే నలుగురికి అరకిలో బియ్యం, కిలో కోడిమాంసం, నూనె నెయ్యి కలిపి 100 గ్రాములు చాలు. అందులో సింహభాగం వేయించిన ఉల్లిపాయలకే పోతుంది. ఉల్లిని సన్నగా ఒకే మందంలో తరిగి, ఎర్రబడుతుండగా తీసి వెడల్పు పళ్ళెంలో పరిచి నూనె ఓడ్చండి, ఆ నూనెనే మాంసంలో కలపండి. బియ్యం కన్నా మాంసం రెట్టింపు ఉంటే కడుపు త్వరగా నిండుతుంది. హోటల్లో అయితే ఒక ప్లేటు ఇద్దరు పంచుకుని, పెరుగు చట్నీ ఇంకోటి అడగండి. సాలన్ కదపకుండా పైన తేరిన నూనె పక్కకి తీసి అడుగుది వేసుకోండి. బిర్యానీ మధ్యాహ్నం తినాలి. రాత్రి పదిన్నరకు తిని పడుకుంటే గుండెలో మంట ఖాయం.

షుగరు మందులు వాడేవాళ్ళకు రెండు జాగ్రత్తలు. బొబ్బట్టు తినాలని భోజనం మానెయ్యడం, ఇన్సులిన్ లేదా షుగరును బాగా తగ్గించే మాత్రలు వేసుకునేవాళ్ళకు ప్రమాదం. షుగరు పడిపోతుంది. మాత్ర డోసును సొంతంగా పెంచుకోవడం ఇంకా ప్రమాదం. బొబ్బట్టును భోజనం చివర్లో, అన్నం తగ్గించుకుని, సగం ముక్కగా తిని, 15 నిమిషాలు నడిచి, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు మీటరులో చూసుకోండి. ఏది మీ ఒంటికి ఎంత పెంచుతుందో ఆ అంకె చెబుతుంది. దాన్ని రాసుకుని డాక్టరుకు చూపించండి.

బీపీ ఉన్నవాళ్ళకు తీపి కన్నా ఆవకాయతోనే పేచీ. రోజుకు ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను లోపు. పాళ్ళను బట్టి టేబుల్ స్పూను ఆవకాయలోనే సుమారు 2 గ్రాములుంటుంది. వేసవిలో కొత్తావకాయ కలిపిన మొదటివారం ముద్దపప్పు, నెయ్యితో తినకుండా ఉండమని ఎవరికీ చెప్పలేను. ఆ పూట పప్పులో ఉప్పు వెయ్యకండి, మజ్జిగలో వేసుకోకండి, అప్పడం కాల్చకండి.

అమెరికాలోనో, బెంగుళూరులోనో ఉండే పిల్లలకు అమ్మ పంపే డబ్బా విప్పగానే ఖాళీ చెయ్యాల్సిన అవసరం లేదు. అరిసెలు, జంతికలు తడి తగలకపోతే రెండు మూడు వారాలు నిలవుంటాయి. వచ్చినరోజే రెండేసి చొప్పున చిన్న డబ్బాల్లో సర్ది పై అలమారలో పెట్టండి. పెద్ద డబ్బాలోంచి నేరుగా తింటే ఎన్ని తిన్నారో తెలియదు. బొబ్బట్లను మధ్యమధ్య బటర్ పేపరు పెట్టి ఫ్రీజరులో దాచుకోవచ్చు. పెనం మీద సన్నసెగన వేడిచేస్తే నెయ్యి వేయక్కర్లేదు, పూర్ణంలోదే సరిపోతుంది.

మిగిలిన గారెలు మర్నాడు మళ్ళీ నూనెలో వెయ్యకండి. గోరువెచ్చటి నీళ్ళలో 10 నిమిషాలు నానబెట్టి, అరచేతుల మధ్య మెల్లగా నొక్కండి. నీళ్ళ మీద నూనె తేలడం కనిపిస్తుంది. వాటిని అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర నూరి కలిపిన పలచటి పెరుగులో గంటసేపు ఉంచి, ఒక్క చెంచా నూనెతో ఆవాలు, ఎండుమిర్చి తాలింపు పెట్టి, పైన క్యారెట్ తురుము చల్లుకుంటే ఆ పూటకు పెరుగుగారెలే భోజనం.